పుట్టింటి బొంత

నవంబరు 9

అమ్మ పుట్టింటి బొంతను, పాత బొంతలు కొనే కడప శేషన్నకు ఇచ్చేశాను. ఇచ్చేశాను అని రాస్తే ఏదో దానం చేసినట్టుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా అటక మీది నుంచి దించి, బండికి కట్టుకొని పోయి, అమ్మేశాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా నాటకాలెందుకు.

నిన్న అమ్మ బొంతలన్నీ ఎండకు వేసింది. వానలు పోయాక ఏటా వేస్తుంది. అటక మీది కుప్పంతా దించి గోడ మీద, ట్రాక్టరు మీద, మంచాల మీద ఆరేసి, ఒక్కోదాని మీద చెయ్యి పెట్టి ఇది ఎవరిది, ఇందులో ఎవరి చీర ఉంది, ఎవరి పంచె ఉంది అని చెప్పుకుంటూ పోతుంది. కళ్ళకు పొర కమ్మి ఏడాది దాటింది. అయినా తడిమి చెబుతుంది. ఒక్కటీ తప్పు పోదు. నాన్నది. అన్నది. అన్న కూతురిది. అన్న కొడుకుది. వదిన మూడోది కంటుందేమోనని ఇంకా పుట్టని వాడికి కూడా ఒకటి కుట్టి పెట్టింది.

నాది లేదు. నేను పుట్టిన ఏడు నాన్న మంచాన పడి ఉన్నాడంట. ఇంట్లో ఉన్న పాతబట్టంతా ఆయన కిందికే పోయిందంట. నన్ను ఎరువుల గోతం మీద పండబెట్టారంట. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళు గడిచాయి. ఇన్నేళ్ళలో నాకొకటి కుట్టడానికి ఆమెకు తీరిక దొరకలేదు. పుట్టనోడికి కుట్టడానికి మాత్రం దొరికింది.

“మా ఈరేశుగాడు గోతంలో పెరిగినోడు. వానికి బొంతేందిమా?” అన్నాడు మా అన్న వీరభద్ర. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ నవ్వింది.

అన్న నవ్వితే నేను లెక్కచెయ్యను. ట్రాక్టరు వచ్చినప్పటి నుంచి వాడు అందరినీ చూసి నవ్వుతున్నాడు. అమ్మ నవ్వింది.

అందుకే ఆమెదే తీసుకుపోయాను. మిగతా వాటిని ముట్టుకోలేదు.

నవంబరు 10

అమ్మ ఇంకా చూసుకోలేదు.

నవంబరు 11

చూసుకోలేదు. నాకేం భయం లేదు.

నవంబరు 16

పాత బొంతకు కొత్త రగ్గు. ఇదే నా ఉద్యోగం. టీవీఎస్ బండి మీద కోయిలకుంట్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, చేత్తో కుట్టిన బొంతలు తీసుకొని బొచ్చురగ్గులు ఇచ్చి వస్తాను. కడపలో శేషన్న షెడ్డు ఉంది. ఆయన వాటిని ఉతికించి, కత్తిరించి, కోట్లు, సోఫా దిండ్లు, సంచులు కుట్టించి పెద్ద ఊళ్ళకు పంపుతాడు. అక్కడ ఎవరో మా ఊరి ముసలమ్మ కాళ్ళ కింద నలిగిన బట్టను భుజాన వేసుకొని తిరుగుతారు.

ఈ రోజు ఒక ఊళ్ళో ఒకావిడ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మరీ ఆడుకుంది.

“ఏమప్పా, మీ రగ్గు ఒక్కతూరి ఉతికితే బొచ్చంతా ఊడుతాదంట గదా?”

“నీ మొగుని తల మీద ఊడినంత ఊడదులే అక్కా.”

పక్కింటి వాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వినవాళ్ళు ఇచ్చేస్తారు. లోపలికి పోయి వాళ్ళమ్మ కుట్టిన బొంత తెచ్చి నా మీదికి విసిరింది. మంచి పాతది. దాని బదులు పులిబొమ్మ రగ్గు ఇచ్చాను.

ఈ పనిలోకి వచ్చాకే బొంతలను చదవడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు అడ్డంగా వరుసలు కుడతారు. మా అమ్మ పుట్టిన ఊరు ఓర్వకల్లు అవతల రాతిగుట్టల్లో ఉంది. అక్కడి వాళ్ళు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వచ్చి ముడి వేస్తారు. చుట్టుకుట్టు దొరికితే శేషన్న మొహం వెలుగుతుంది. అమ్మది చూసి, “ఇట్లాటిది నీకు యాడ దొరికినాదిరా?” అన్నాడు. యాడో దొరికింది అన్నాను.

నవంబరు 23

అమ్మ కొళాయి దగ్గర జారి పడింది. తుంటి విరిగింది. కర్నూలు తీసుకుపోయాం. ఆపరేషన్ చెయ్యాలన్నారు. తర్వాత గుండె చూసి, ఈ గుండె తట్టుకోదు, ఇంటికి తీసుకుపోండి అన్నారు. అన్న ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని ఏడ్చాడు. వాడు ఏడవడం నేను మొదటిసారి చూశాను. నాకు ఏడుపు రాలేదు. నేను ఆటో మాట్లాడాను.

నవంబరు 28

అడిగింది.

“ఈరేశూ, నా పుట్టింటి బొంత దించు నాయనా. ఈ పరుపు మీద ఒళ్ళంతా కాల్తాంది.”

వదిన వెంటనే నా వైపు చూసింది. అటక ఎక్కి దించేది నేనే కాబట్టి చూసింది. ఇంకేం లేదు.

అమ్మ ఊళ్ళో ప్రతి ఆడపిల్లకూ పెళ్ళినాటికి తల్లి ఒక బొంత కుట్టి ఇస్తుంది. దాని మీదే కాన్పు. దాని మీదే చావు. పోయినాక దాని మీదే ఇంటి ముందర పండబెట్టి, దానితోనే గుంతలో పెడతారు. అది లేకుండా పోతే తల్లి లేనిదాని మాదిరి పోయిందంటారు. అమ్మ ఈ మాట చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. దించు అందంటే దేనికో అందరికీ తెలుసు.

“ఎలుకలు ఒక మూల కొరికినాయిమా. బాగు చేయించేకి కడపకు ఇచ్చినా,” అన్నాను.

“నాకు చెప్పకుండానా?”

“చెప్తే నువ్వే కుడతానంటావు. ఆ కళ్ళతో.”

“మంచి పని చేసినావులే,” అంది ఆమె. నా చెయ్యి పట్టుకుంది కూడా.

అన్న గుమ్మంలో నిలబడి, “తొందరగా తెచ్చి సావు,” అన్నాడు.

నవంబరు 29

కడప పోయాను. షెడ్డులో శేషన్న లేడు. ప్రవీణ్ ఉన్నాడు. వాడు బట్ట కోసే మనిషి. బొంతలను చెక్కబల్ల మీద పరిచి, అట్టముక్క పెట్టి గీసి, మిషనుతో కోస్తాడు.

“ఈ నెల మొదట్లో తెచ్చినానే, చుట్టుకుట్టుది, నడిమిన ముడి ఉండేది. యాడుంది?”

“ఆ మంచిదా? దాన్నే మొదలు కోసినా. ఎందుకు?”

“ఎందుకో నీకెందుకు. యాడుంది?”

వాడు చేత్తో గాల్లో మూడు నాలుగు వైపులు చూపించాడు. “వీపులకు వేసిన కోట్లు బెంగుళూరికి పోయినాయి. చేతులకు వేసినవి హైదరాబాదుకు. ముడి ఉన్న ముక్క ఒక దిండుకు వచ్చినాది, అది చక్కగా కుదిరినాది. ఎవురిది ఇంతకీ?”

“మా అమ్మది.”

వాడు నా మొహం చూసి నవ్వాడు. నేను పరాచికం ఆడుతున్నాననుకున్నాడు. “అయితే మీ యమ్మ ఇప్పుడు ఏ సోఫాలో కూకోని టీవీ చూస్తాందో!”

కొట్టాలనుకున్నాను. కొట్టలేదు. నేనూ నవ్వాను. బల్ల కింద కత్తిరింపు ముక్కల కుప్ప ఉంది. అందులో వెతికాను. దొరకలేదు. దొరికినా ఏం చేస్తాను, ముక్కలు తీసుకుపోయి అతికిస్తానా. ఊరికే ఒక సంచి నిండా ముక్కలు తీసుకున్నాను. బండి తుడవడానికి.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. ఆమె నాకు కుట్టి ఉంటే ఆమెది ఉండేది.

డిసెంబరు 2

అమ్మ పుట్టిన ఊరికి పోయాను. ఆ ఊళ్ళో చుట్టుకుట్టు ఇంకా ఎవరి దగ్గర ఉందో ఎవరినీ అడగనక్కర్లేదు. ఈరక్క దగ్గర ఉంటుంది. నా చిన్ననాటి నుంచీ అమ్మ చెప్పే ఈరక్క. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చొని దబ్బనం పట్టడం నేర్చుకున్నారు. ఈరక్క ఆ ఊళ్ళోనే ఉన్న మేనమామ కొడుకును చేసుకొని అక్కడే ఉండిపోయింది. అమ్మ మా ఊరికి వచ్చింది. ఇద్దరి పెళ్ళిళ్ళూ ఒక్క ఏడే. ఇద్దరి బొంతలూ ఒక్క ఏటివే.

ఆమె ఇంట్లో లేదు. మేకలను తోలుకొని గుట్టల్లోకి పోయిందంట. కోడలు శివజ్యోతి ఉంది. నేను ఎవరో చెప్పలేదు. రగ్గులు అరుగు మీద పరిచాను.

“నెమలి బొమ్మది ఇస్తావా?”

“మంచి బొంత ఉంటే ఇస్తా. చుట్టుకుట్టుది.”

“మా అత్తది ఉండాది. ఒకటే కంపు. పెట్టెలో పెట్టుకోని మమ్మల్నెవుర్నీ ముట్టుకోనీదు.”

“ఆమె తిట్టదా?”

“తిట్టకుండా ఉండేది ఎప్పుడు? ఎలుకలు కొట్టినాయి, పారేసినా అని చెప్తాలే. తీసకపో, ఆమె వచ్చేలోగా.”

విప్పి చూశాను. అదే కొలత. అదే చుట్టు. నడిమిన అదే ముడి. పైపొర కూడా అదే మాదిరి నీలం, వెలిసిపోయింది. అమ్మది కూడా నీలమే. ఈరక్కది కొంచెం మందం. అంతే తేడా. నెమలిరగ్గు ఇచ్చేశాను. గుట్టల వైపు దారి మీద మేకల గంటలు వినిపిస్తుంటే బండి ఇంకో దారిలో తిప్పాను.

డిసెంబరు 3

పొద్దున్నే అన్నా నేనూ అమ్మను ఎత్తాం, వదిన కింద పరిచింది. పండబెట్టాం. అమ్మ “అబ్బా” అంది, సుఖంగా. నేను చెంబు తీసుకొని బయటికి పోబోతున్నాను.

“ఈరేశూ.”

చెయ్యి బొంత అంచు మీద పెట్టి ఉంది. బొటనవేలు కుట్టు వెంట పోతోంది. మూల దాకా పోయి ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది.

“ఇది నాది గాదు.”

“నీదేమా.”

“గాదురా. మా యమ్మది పుర్రచేతి వాటం. ఆమె కుట్టు ఇట్ల తిరగదు, ఎదురు తిరుగుతాది. ఇది ఎవురిదో కుడిచేతోళ్ళది.”

నాకు ఈ సంగతి తెలియదు. ఇన్ని బొంతలు చదివిన నాకు, ఇంట్లో ఉన్న బొంత ఎటు తిరుగుతుందో తెలియదు. ఎప్పుడూ దాని మీద పండుకోనివ్వలేదు కదా.

“ఉతికినారు గదా అత్తా, అందుకే తేడాగా ఉంటాది,” అంది వదిన.

“ఉతికితే కుట్టు ఎదురు తిరుగుతాదా రమణీ?”

డిసెంబరు 4

రాత్రంతా తడుముతూనే ఉందంట. వదిన చెప్పింది.

డిసెంబరు 6

ఈ రోజు పెద్ద గొడవ. అమ్మ అన్నం ముట్టలేదు. నా బొంత తెచ్చేదాకా తినను అంది. అన్నకు కోపం వచ్చింది. నా మీద రాలేదు. ఆమె మీదే వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి వాడు ఎవరి మీదన్నా అరవాలని చూస్తున్నాడు.

“అది నీదేమా! మేమందరం కండ్లారా చూస్తాండాం గదా, అదే నీలం, అదే ముడి!”

“మీకు కండ్లుండాయి. నాకు చెయ్యి ఉండాది.”

అన్న నా వైపు తిరిగాడు. “ఏరా, నువ్వే గదా ఇచ్చింది, నువ్వే గదా తెచ్చింది. మారిపోయిందేమో?”

అప్పుడు చెప్పి ఉండొచ్చు. మారిపోయింది అని ఒక్క మాట అన్నా చాలు. దాని వెనకే యాడ మారింది, పోయి తెద్దాం పద అంటాడు. షెడ్డుకు వస్తాడు. ప్రవీణ్ గాడు బెంగుళూరు, హైదరాబాదు అని చేతులు చూపిస్తాడు.

“మారలేదు. డాక్టరు చెప్పినాడు గదన్నా, పడినాక ముసలోళ్ళకు మతి తప్పుతాదని,” అన్నాను.

డాక్టరు అట్లా ఏమీ చెప్పలేదు. అన్న మాత్రం వెంటనే నమ్మాడు. వాడి మొహంలో కోపం దిగిపోయి జాలి వచ్చింది. జాలి ఇంకా ఘోరంగా ఉంది.

అమ్మ నా గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. “నాకు మతి ఉండాది. తలవైపు మూలలో పైపొర కింద మా యమ్మ పెండ్లినాటి ఎర్రచీర కొంగు ముక్క ఉంటాది. ఇప్పి సూడండి. ఉంటే నాది. లేకుంటే గాదు.”

వదిన కత్తెర తెచ్చింది. నేను లాక్కున్నాను. చీకటి పడుతోంది, సరిగ్గా కనపడక పొరంతా చిరిగిపోతుంది, ఎల్లుండి అందరం ఇంట్లో ఉన్నప్పుడు ఇప్పుదాం అన్నాను. సరే అన్నారు.

డిసెంబరు 7

తెల్లవారి అమ్మను పక్క మార్చేటప్పుడు, ఎండకు వేస్తానని బొంత తీసుకొని ట్రాక్టరు షెడ్డులోకి పోయాను.

కడప సంచిలో ఎర్రముక్క ఒకటి ఉంది. ఎవరిదో తెలియదు. నూలుదే, మెత్తగా నలిగి, వెలిసి ఉంది. తలవైపు మూలలో కుట్టు జాగ్రత్తగా ఊడదీశాను. ఉతికి వెలిసిన పాతదారం సంచిలో ముక్కల నుంచే లాగాను. ముక్క లోపల పెట్టి, పాత రంధ్రాల్లోనే దబ్బనం పోనిచ్చి మూశాను. మట్టితో రుద్దాను. అవతలి వాళ్ళు ఎవరూ కనిపెట్టలేరు. నేను కూడా కనిపెట్టలేను.

నేను మొదటిసారి ఒక బొంత కుట్టాను.

ఇది ఆమె మనశ్శాంతి కోసం. ఈ ఒక్క మూల తేలిపోతే ఆమె నిమ్మళంగా పండుకుంటుంది. ఎవరికీ నష్టం లేదు. ఉన్నదాన్ని నమ్మితే చాలు.

డిసెంబరు 8

అందరం చుట్టూ కూర్చున్నాం. పిల్లలు కూడా. పెళ్ళిచూపుల మాదిరి ఉంది. వదిన కత్తెర కొసతో కుట్టు కోసింది. రెండు వేళ్ళు లోపలికి పెట్టి లాగింది.

“ఎర్రగుడ్డ ఉంది అత్తా,” అంది. ఆమెకు సంతోషంగా ఉంది. నిజంగానే సంతోషంగా ఉంది.

అన్న పెద్దగా ఊపిరి వదిలాడు. “సూసినావామా?”

అమ్మ చెయ్యి చాపింది. ముక్క కొసను వేళ్ళ మధ్య పట్టుకొని నలిపింది. చాలాసేపు నలిపింది. మనవరాలిని దగ్గరికి పిలిచింది.

“ఏమే, నువ్వు చెప్పు. ఇది ఎర్రదేనా?”

“ఎర్రదే అవ్వా.”

“మీ నాయిన చెప్పమంటే చెప్తాండావా?”

“లేదు అవ్వా. ఎర్రదే.”

అమ్మ బొటనవేలు మళ్ళీ కుట్టు మీదికి పోయింది. సగం దూరం పోయి ఆగి, చెయ్యి వెనక్కి తీసుకొని కడుపు మీద పెట్టుకుంది. మధ్యాహ్నం అన్నం తినింది. పెట్టిందంతా తినింది.

అనుకున్నట్టే జరిగింది.

డిసెంబరు 11

అమ్మ నిన్నటి నుంచి వస్తువుల పేర్లు అడుగుతోంది. చెంబు చేతికిస్తే, “ఇది చెంబే గదా?” అంటుంది. చెంబే అంటే తల ఊపి తాగుతుంది. వదినను, “నీ పేరు రమణి, మీది వెల్దుర్తి, అంతే గదా?” అని అడిగిందంట. పిల్లలకు ఇది ఆట అయిపోయింది. గరిటె తెచ్చి చేతిలో పెట్టి, ఇదేంది అవ్వా అంటారు. గరిటె అంటుంది. కాదు, గొడ్డలి అంటారు. ఆమె మళ్ళీ తడిమి, “గొడ్డలా?” అంటుంది. పిల్లలు నవ్వి నవ్వి కింద పడతారు.

అన్న కొడుకును ఒక దెబ్బ వేశాను. వాడు ఏడ్చుకుంటూ పోయాడు. వదిన, “నీకేమొచ్చినాదప్పా, పసిపిల్లోనితో?” అంది.

డిసెంబరు 12

కోయిలకుంట్ల వైపు పోయాను. ఏమీ దొరకలేదు. ఎవరి ఇంటి ముందూ నా నోరు పెగల్లేదు. గొంతు పట్టుకుంది, చలికి.

డిసెంబరు 15

“ఈరేశూ, మీ నాయిన పోయినాడు గదా?”

“పోయినాడుమా.”

“నేను సూసినానా?”

“సూసినావు.”

“అవునా. నాకు పోయినట్టే గుర్తుండాది. గుర్తుండేది నిజమో కాదో నాకు తెలీడం లేదురా. అందుకే అడుగుతాండా. కోప్పడొద్దు.”

నేను ఎప్పుడు కోప్పడ్డాను?

డిసెంబరు 16

వీపు మీద పుండ్లు పడ్డాయి. డాక్టరు పక్కలు మార్చమన్నాడు. ఆమెను ఎత్తినప్పుడల్లా బొంత కనపడుతుంది. బట్టబయలైనట్టు. వదిన మళ్ళీ పండబెట్టగానే కప్పుకుపోతుంది.

డిసెంబరు 19

ఇంట్లో ఎవరూ లేరు. అన్న ట్రాక్టరు తోలుకొని పోయాడు. వదిన, పిల్లలు శనగ చేలోకి పోయారు. నేను గంజి తాగిస్తున్నాను. ఇప్పుడు చెప్పేద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, దాన్ని ఇక్కడ రాసుకునే హక్కు నాకు ఉంది. గిన్నె కింద పెట్టాను కూడా.

ఆమే మొదలుపెట్టింది.

“నాదేలేరా.”

“ఏంది?”

“బొంత. నాదే. నాకే గుర్తు లేదు. మా యమ్మది పుర్రచెయ్యి అని యాడి నుంచి వచ్చినాదో నా బుర్రలోకి. నువ్వు కడపదాకా పోయి బాగు చేయించకొస్తే, నేను నిన్ను అనుమానపడితి. ఊరంతా వినేట్టు అరిస్తి. ఏమనుకోవద్దు నాయనా.”

నేను చెప్పాల్సింది ఏంటంటే, అమ్మా, మీ అమ్మది పుర్రచెయ్యే. నీకు అంతా సరిగ్గా గుర్తుంది.

నేను అన్నది, “నేనేమీ అనుకోలేదులే. తాగు.”

తాగింది. తాగి, తడుముకుంటూ నా మొహం మీద చెయ్యి పెట్టింది. ముక్కు, నోరు, చెంపలు తడిమింది. “ఈరేశువే గదా?” అంది.

“అవునుమా.”

“నువ్వు అన్నావు గాబట్టి నమ్ముతాండా,” అంది.

డిసెంబరు 20

ఆమె నిమ్మళంగా ఉంది. అన్న అంటున్నాడు, వదిన అంటోంది, చూడ్డానికి వచ్చినవాళ్ళు అంటున్నారు. అప్పుడు చెప్పి ఉంటే ఈ నిమ్మళం ఉండేదా? బొంత ముక్కలైపోయిందని తెలిసి పోవడం మంచిదా, ఉందనుకొని పోవడం మంచిదా? ఎవరినన్నా అడగాలి. ఎవరినీ అడగలేను. నన్ను నేనే అడుగుతున్నాను, నేను చెప్పే జవాబు ఎప్పుడూ నాకు అనుకూలంగానే ఉంటోంది.

డిసెంబరు 24

పోయింది. తెల్లవారుజామున.

డిసెంబరు 26

నిన్న రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. అంతా రాస్తాను.

మొన్న ఇంటి ముందర బొంత పరిచి, తల దక్షిణం పెట్టి పండబెట్టాం. జనం బాగా వచ్చారు. హనుమంతమ్మ పుట్టింటి బొంత మీద పోయింది, అదృష్టవంతురాలు అన్నారు ఆడవాళ్ళు. మధ్యాహ్నం అమ్మ ఊరి వాళ్ళు ఆటోలో దిగారు. ఈరక్క ఉంది. నేను ఆమెను చూడడం అదే మొదలు. బక్కగా, కట్టెపుల్ల మాదిరి ఉంది. ఆటో దిగినప్పటి నుంచి “హనుమంతీ, హనుమంతీ” అని రొమ్ము కొట్టుకుంటూ వచ్చి అమ్మ పక్కన కూలబడింది. ఏడుస్తూ ఏడుస్తూ చెయ్యి నేల మీద పెట్టింది. నేల కాదు, బొంత అంచు.

ఏడుపు ఆగింది.

బొటనవేలు కుట్టు వెంట పోయింది. అచ్చం అమ్మ చేసినట్టే. మూల దాకా.

“ఇది నాది,” అంది.

ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ అంది. ఈసారి తల ఎత్తి, గట్టిగా. “ఇది నా బొంతప్పా. మా కోడలు ఎలుకలు కొట్టినాయి, పారేసినా అనింది. ఈడికెట్ల వచ్చినాది?”

అన్న దగ్గరికి వచ్చాడు. “పెద్దమ్మా, అది మా యమ్మ పుట్టింటిది.”

“హనుమంతిది నాకు తెలీదా? ఆమె తల్లిది పుర్రచెయ్యి, ఊరంతా తెలుసు. ఆయమ్మ కుట్టు ఎదురు తిరుగుతాది. ఇది తిరగలా, సూడు. ఇది మా యమ్మ చెయ్యి.”

వదిన అప్పటిదాకా అమ్మ కాళ్ళ దగ్గర కూర్చొని ఉంది. ఆమె తల ఎత్తింది. ఈరక్కను చూడలేదు, నన్ను చూసింది.

“అత్త కూడా ఇదే మాట అనె గదా,” అంది. మెల్లగా అంది. కానీ అందరికీ వినపడింది.

అన్న మొహం నా వైపు తిరిగింది. జనం మొహాలన్నీ తిరిగాయి. మధ్యలో అమ్మ ఉంది, కళ్ళు మూసుకొని. నాకు అప్పుడు ఏమనిపించిందో రాయాలి. భయం. ఇంకేమీ లేదు. దుఃఖం లేదు, సిగ్గు లేదు. ఇరవై మంది ముందు అన్న నన్ను కొడతాడనే భయం.

నేను వంగి తలవైపు మూల ఎత్తాను. ఆ రోజు వదిన కోసిన చోట కుట్టు వెయ్యకుండా వదిలేశారు. ఎర్రముక్క బయటికి లాగి చూపించాను.

“సూడు పెద్దమ్మా. మా అవ్వ పెండ్లినాటి ఎర్రచీర. మా యమ్మే చెప్పింది, ఈ మూలలో ఉంటాదని. నీదాంట్లో ఉండెనా, ఎర్రచీర?”

ఈరక్క ముక్క పట్టుకుంది. “లేదు. మా యమ్మకు యాడిదప్పా ఎర్రచీర. మేం పెట్టలేదు.”

“మరి?”

ఆమె ముక్కను తిప్పి తిప్పి చూసింది.

“వయసైపోయినాదిలే. మా యమ్మ కూడా ఆఖర్లో ఇట్లనే అనింది,” అన్నాను అందరి వైపు తిరిగి. ఎవరో అయ్యో పాపం అన్నారు. ఎవరో ఆమెకు నీళ్ళు ఇవ్వండి అన్నారు. అన్న భుజాలు దిగాయి.

ఈరక్క మళ్ళీ కుట్టు మీద చెయ్యి పెట్టింది. ఇంకోసారి చివరిదాకా తడిమింది. తర్వాత తన బొటనవేలిని కళ్ళ దగ్గరికి తెచ్చుకొని చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు.

“ఏమో నాయనా,” అంది. “నాదనిపిచ్చినాది.”

జరిగి, ఆడవాళ్ళలో కూర్చొని, మళ్ళీ అమ్మ కోసం ఏడవడం మొదలుపెట్టింది. ఈసారి చిన్నగా, ఎవరైనా ఏమన్నా అంటారేమో అన్నట్టు.

బొంత నాలుగు కొసలూ పట్టుకొని గుంతలోకి దించాం. తలవైపు కొస నేనే పట్టుకున్నాను. అందరికంటే ముందు నేనే మన్ను వేశాను. తొందరగా కప్పుకుపోవాలని.

డిసెంబరు 30

వదిన అన్నం పెడుతుంది. మాట్లాడదు. అన్న మాట్లాడతాడు. నన్ను గోతాలోడు అనడం మానేశాడు. “అమ్మ కోసం కడపదాకా తిరిగినావు గదరా, నాకంటే నువ్వే మేలు,” అన్నాడు నిన్న. నాకేం అనిపించలేదు.

జనవరి 4

శేషన్న ఫోన్ చేశాడు. చుట్టుకుట్టుకు గిరాకీ పెరిగిందంట, ఆ గుట్టల ఊళ్ళో ఇంకా ఉంటాయి గదా, పో అన్నాడు. ఆ ఊరి సంగతి ఆయనకు చెప్పింది నేనే.

రేపు పోతున్నాను. రగ్గులు బండికి కట్టేశాను. ఈరక్క ఎదురుపడితే ఏం చెయ్యాలా అని పొద్దున్నుంచి ఆలోచించాను. ఏమీ చెయ్యనక్కర్లేదు. ఆమె నన్ను గుర్తుపట్టినా, ఆ గుర్తును ఇంక నమ్మదు.